గట్టుకు రిలీవర్

"మా వంటింట్లోకి నీళ్ళొచ్చింది వాన వల్ల కాదు. మీ వల్ల. ఇక్కడ కూకుని బజ్జీలు తింటన్న మీ అందరి వల్ల."

సులోచన ఆ మాట అని ఊరుకోలేదు. చేతిలో ఉన్న బురద ముద్దను తెచ్చి టీపాయ్ మీద, వెండిరంగు కప్పు పక్కన దబ్బున పడేసింది. ముద్దలోంచి పచ్చటి తీగలు నాలుగు వైపులా కాళ్ళు చాపుకున్నాయి. ఒక తీగకు పసుపు పువ్వు కూడా ఉంది, ఏమీ ఎరగనట్టు.

రామమోహనరావు ఇంటి ముంగిట్లో జరుగుతున్న సంబరం అది. టౌన్‌షిప్ పూల ప్రదర్శనలో ఇంటి తోటల కప్పు మళ్ళీ ఆయనకే వచ్చింది. భిలాయి ఉక్కు కర్మాగారంలో ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి. లీజుకు తీసుకున్న క్వార్టర్ ముందు జానెడు నేల కూడా కనపడకుండా పసుపు పూల తీగ పరిచాడు. నర్సరీ వాళ్ళు దాన్ని వెడీలియా అంటారు, వీధిలో అందరూ కార్పెట్ అంటారు. నీళ్ళు పోసినా పెరుగుతుంది, పొయ్యకపోయినా పెరుగుతుంది. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఆయన తీగలు తుంచి పంచాడు. ఇప్పుడు మరోదా సెక్టారులో ఆ వీధంతా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే పసుపు.

"ఏటమ్మా ఇది. శుభమా అని నలుగురం కలిస్తే బురద తెచ్చి పోస్తావేటి" అన్నాడు ఆయన, కప్పును రెండు వేళ్ళతో పక్కకు జరుపుకుంటూ.

"మీ ఇంటిదే బాబాయ్. గుర్తుపట్టలేదేటి? ముందు వాకిట్లో ఉంటే కప్పొచ్చింది. వెనకాల నాలాలో ఉంటే మాకు వరదొచ్చింది."

వీధి చివరి క్వార్టర్ సులోచనది. నేల పల్లం కూడా అటే. భర్త జోజి ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పనిచేస్తాడు. ఆమె వెనక వరండాలో గ్రైండర్ పెట్టి ఇడ్లీ పిండి రుబ్బుతుంది, తెల్లారేసరికి పవర్ హౌస్ మార్కెట్టుకు తీసుకెళ్ళి అమ్ముతుంది. తెలుగువాళ్ళే కాదు, ఛత్తీస్‌గఢీ ఇళ్ళవాళ్ళు కూడా గిన్నెలు పట్టుకుని ఆమె కోసం నిలబడతారు. పోయిన శ్రావణంలో ఇళ్ళ వెనకాల పారే నాలా పొంగి వరండా దాటి వంటింట్లోకి వచ్చింది. గ్రైండర్ మోటారు కాలిపోయింది. నానబోసిన మినప్పప్పు మురుగులో కలిసిపోయింది. మోటారు మళ్ళీ చుట్టించుకునేసరికి సగం గిరాకీ పక్కవాడికి పోయింది. వచ్చే వానాకాలంలో మళ్ళీ నీళ్ళొస్తే రుబ్బుడు మానుకోవడమే, ఇంకో దారి లేదు. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. తెలిసీ బజ్జీలు తింటున్నారు.

నాలాలోకి కార్పెట్ నడిచి రాలేదు. దాన్ని మోసుకెళ్ళి పడేశారు. ఆ వీధి మగాళ్ళంతా ప్లాంటు మనుషులు. అక్కడ పనిచేసే చోట నేల మీద పసుపు గీత ఉంటుంది, గీత లోపల ఒక్క బోల్టు కూడా పడి ఉండకూడదు, దాన్నే హౌస్ కీపింగ్ అంటారు. గీత అవతల ఏమున్నా అది మన లెక్కలోది కాదు. ఆ అలవాటే ఇంటికీ తెచ్చుకున్నారు. ఆదివారం వస్తే చాలు, కత్తెరలు పట్టుకుని తోట అంచులు సాపు చేసి, కత్తిరించిన తీగలన్నీ తట్టలకెత్తి వెనక గోడ మీంచి అవతలికి విసిరేవాళ్ళు. గోడే వాళ్ళకు గీత. అవతల నాలా గట్టు. ఆ తీగకు కణుపు కణుపుకీ వేరు పుడుతుంది. తడి మట్టి తగిలితే చాలు, తెగిన ముక్క మొక్కైపోతుంది. గట్టు నిండింది, గట్టు దిగి నాలాలో అల్లుకుంది, కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ కవర్లను పట్టుకుని ఆనకట్ట కట్టింది. ఎవరి వాకిలి వాళ్ళకు అద్దంలా ఉంది. నీళ్ళు మాత్రం సులోచన ఇంట్లో ఉన్నాయి.

రామమోహనరావు ఒప్పుకునే మనిషి కాదు.

"నాలా బాగుచెయ్యాల్సినోళ్ళు ఏరే ఉన్నారు. ఆళ్ళనడుగు. గట్టు మీద ఆ తీగ ఉండబట్టే మట్టి నిలబడింది. తీసీ చూడు, గట్టంతా వచ్చి నీ పొయ్యిలో కూకుంటాది."

"తీసీ చూస్తాను" అంది సులోచన.

అనడమే కాదు, మర్నాడే మొదలుపెట్టింది. జోజినీ, పక్కింటి నూకాలమ్మనూ వెంటేసుకుని తన ఇంటి వెనక గట్టంతా పీకి పారేసింది. కార్పెట్‌తో పాటు గట్టు చివర కంచెలా నిలబడిన లొట్టపీసు మొక్కల్నీ వదల్లేదు. ఊదారంగు పూలకు మోజుపడి ఎవరో ఒకప్పుడు నాటినవి అవి. ఎంత నరికినా చిగురేస్తాయని ఇక్కడివాళ్ళు వాటికి బేషరమ్, అంటే సిగ్గులేనిది, అని పేరు పెట్టారు. ఆ పేరు నాటినవాళ్ళకు పెట్టాల్సింది. సాయంత్రానికి గట్టు ఎర్రగా, నున్నగా గుండు కొట్టించుకున్నట్టు బయటపడింది. సులోచన నడుం మీద చెయ్యేసుకుని దాన్ని చూసుకుంది. గెలిచేశాను అనుకుంది.

హోలీ దాటాక ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి వడగళ్ళు పడ్డాయి. ఎంతో సేపు కాదు, ఆరేసిన బట్టలు తీసుకునేంత సేపు. ఆ కాస్త వానకే గుండు గట్టు జారిపోయింది. మట్టంతా నాలాలో పడి, నాలా ఇంకా ఇరుకైంది. కంచె లేదు కాబట్టి వీధి ఆవులు దిగి మిగిలింది తొక్కేశాయి. నాలుగు రోజులకు ఆ బురదలోంచే, తెగి మిగిలిపోయిన ముక్కల్లోంచి, కార్పెట్ చిగుళ్ళు తలెత్తాయి.

రామమోహనరావు గొడుగు చేత్తో పట్టుకుని వచ్చాడు. వాన ఎప్పుడో వెలిసిపోయింది. ఆ గొడుగు నేల మీద ఆనించి నిలబడటానికి.

"చెప్పానా లేదా."

"చెప్పారు" అంది సులోచన.

"ఇప్పుడేటి చేస్తావు?"

ఓడిపోయానని ఒప్పుకోవడం సులోచనకు రాదు కాబట్టి లోపలికెళ్ళి పిండి రుబ్బుకుంది.

జవాబు ఆమె ఇంట్లోనే, అన్నం ముందు కూర్చున్నప్పుడు దొరికింది. ఆ రోజు జోజి పొద్దున్నే రావాల్సినవాడు పొద్దు వాలాక వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మెడ మీద మసి చారలున్నాయి. చేపల పులుసు రెండుసార్లు వెచ్చబెట్టి సులోచనకు విసుగొచ్చింది.

"మళ్ళీ డబులేనా?"

"రిలీవర్ రాలేదు."

ఆ ఊళ్ళో ప్లాంటు భార్యలందరికీ ఆ మాట వంటబట్టిపోయింది. తన తర్వాత షిఫ్టు మనిషి వచ్చి సీటు దగ్గర నిలబడితే తప్ప ముందు మనిషి కదలకూడదు. ఒంట్లో బాగోకపోయినా, ఇంట్లో చుట్టాలున్నా, రిలీవర్ రాకపోతే ఇంకో షిఫ్టు చెయ్యాల్సిందే.

"వాడెవడో తొంగుంటే నువ్వెందుకు మాడాలి? వచ్చీవచ్చు కదా" అంది ఆమె.

జోజి ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా చెప్పాడు. "సీటు కాళీగా ఉండకూడదే. పనికిమాలినోడైనా సరే, సీట్లో మనిషుండాలి. మంచోడొచ్చాక వీణ్ణి పంపీవచ్చు. అంతేగానీ ముందు వీణ్ణి పంపీసి తరవాత ఎవరొస్తారో చూద్దారి అంటే కొంప మునుగుద్ది."

సులోచన గరిటె గిన్నెలో వదిలేసింది.

"మరి గట్టు కాడ నేను చేసిందదే కదా."

"ఏటి?"

"కార్పెట్‌ని పంపీసేను. రిలీవర్ని పెట్టలేదు. ముసలాయన చెప్పిందాంట్లో సగం నిజం ఉంది. ఆ తీగ దొంగముండే గానీ, డ్యూటీ చేస్తంది."

జోజి నవ్వాడు. "మరైతే రిలీవర్ని ఎతుక్కో. పులుసులో ఉప్పు తక్కువైంది."

వెతకడం ఎవరికి వాళ్ళు చేసే పని కాదు. సులోచన ఆ ఆదివారం వీధి ఆడవాళ్ళను నూకాలమ్మ పెరట్లో కూర్చోబెట్టింది. నూకాలమ్మ విజయనగరం వైపు మనిషి, చిన్నతనంలో కాపురానికి భిలాయి వచ్చింది, ఈ వీధి పిల్లల్లో సగం మందికి ఆవిడే నీళ్ళుపోసింది. గోడ అవతలి నుంచి రామమోహనరావు వింటున్నాడని అందరికీ తెలుసు. ఆయన దగ్గుతున్నాడు.

"ముందు మొక్కల పేర్లు చెప్పొద్దు. డ్యూటీలు చెప్పండి. ఆ తీగా, ఆ లొట్టపీసూ ఇన్నాళ్ళూ ఏటి చేసేయి?" అంది సులోచన.

గట్టు మట్టి పట్టుకున్నాయని ఒకరన్నారు. ఆవుల్ని ఆపాయని ఇంకొకరు. నేల మీద పచ్చగా పరుచుకున్నాయని, చూడ్డానికి పసుపుగా ఉన్నాయని, పూజకు పువ్వు దొరికిందని.

"పూజకా? ఆ పువ్వు దేవుడికెట్టేవా నువ్వు?" అంది నూకాలమ్మ.

"మా ఆయన కోసేడు పిన్నీ. నేనేటి చెయ్యను."

"సరే. ఇప్పుడు రిలీవర్లు చెప్పండి. రెండు షరతులు. సీట్లో కూకుని డ్యూటీ చెయ్యాలి. సీటు దాటి పక్కోడి సీట్లోకి పోకూడదు. గోడ దూకేది ఏదైనా సరే, ఎంత అందంగా ఉన్నా, వద్దు" అంది సులోచన.

కాగితం పూలు వేద్దామన్నాడు జోజి, గుమ్మం దగ్గర నిలబడి. ముళ్ళుంటాయి, ఆవులు రావు. రంగు కూడా బాగుంటుంది. "అదెంత పెరిగినా దాని చూపు పైకే, మట్టిని పట్టదు. నువ్వెళ్ళి పడుకో, డబుల్ చేసొచ్చేవు" అంది సులోచన. ఇంకొకావిడ పచ్చగన్నేరు అంది. దాని కాయ విషం, పిల్లలు తిరిగే చోటు, వద్దన్నారు. ఎవరో మళ్ళీ ఆన్‌లైన్‌లో చూసిన మెక్సికో గడ్డి పేరు చెప్పబోయారు. అదేదో వచ్చి ఏం చేస్తుందో తెలిసేసరికి మన మనవలు పీకాలి అని నూకాలమ్మ కొట్టిపారేసింది.

"కంచెకి వావిలి ఎయ్యండి" అంది నూకాలమ్మే. "నీళ్ళ పక్కనే బతుకుతాది. ఆవు నోరెట్టదు. కొమ్మ పాతితే వేరు పట్టీస్తాది. బాలింతకి స్నానానికి వావిలాకు కావాలంటే నేను ఇన్నాళ్ళూ చరోదా రైలు యార్డు కంచె కాడికి ఎల్లి తెస్తన్నాను. ఇంటెనకే ఉంటే నా కాళ్ళు బతుకుతాయి."

మట్టి పట్టడానికి వట్టివేరు. దాని వేరు పక్కకు పాకదు, మనిషి లోతుకు నిలువుగా దిగుతుంది. దుర్గ్ వైపు పొలం గట్ల మీద ఛత్తీస్‌గఢీ రైతులు దాన్ని ఎప్పట్నుంచో ఉంచుకుంటున్నారు. ఖస్ అంటారు, వేసవిలో కూలర్లకు కట్టే తడికలు దాంతోనే అల్లుతారు. సులోచన దగ్గర పిండి కొనే ఒకావిడ పుట్టింటివాళ్ళు పిలకలు ఇస్తామన్నారు. నేల మీద పచ్చదనానికి, తడి ఉన్నచోట సరస్వతి ఆకు, ఎండున్నచోట గరిక. పచ్చడికి ఒకటి, వినాయకుడికి ఒకటి. ఇక పసుపు పువ్వు దగ్గర అందరూ ఆగిపోయారు.

"ముళ్ళగోరింట" అని గోడ అవతలి నుంచి వినపడింది. అందరూ అటు తిరిగారు. రామమోహనరావు తల మాత్రం కనపడింది. "మా అమ్మ మా ఊళ్ళో దడికి ఏసేది. పసుపు పువ్వే. కార్పెట్ కంటే పెద్ద పువ్వు. ముల్లుంటాది."

"అంత తెలిసినోరు కార్పెట్ ఎందుకేసేరు బాబాయ్?"

"ముల్లున్న మొక్కకి కప్పెవడిస్తాడే" అని ఆయన తల గోడ కిందికి దిగిపోయింది.

పని అలా మొదలైంది. ఈసారి గుండు కొట్టలేదు. రెండు మంచాల వెడల్పు గట్టు పీకడం, ఆ రోజే అక్కడ వట్టివేరు పిలకలు వరసగా నాటడం, వెనక వావిలి కొమ్మలు పాతడం. అది నిలదొక్కుకున్నాక పక్క ముక్క. పీకిన తీగ గోడ మీంచి విసిరితే ఎవడిదైనా సరే చెయ్యి విరుస్తానని సులోచన చెప్పింది. తీగంతా ఏరి పెరటి షెడ్డు రేకుల మీద పరిచేవాళ్ళు. భిలాయి మే నెల ఎండలో ఇనుప రేకు పెనంలా కాలుతుంది. కణుపుల్లో తడి ఇగిరి, తీగ చేత్తో నలిపితే పొడైపోయేదాకా కిందికి దించలేదు. పంపు నీళ్ళొచ్చే వేళ ఇల్లిల్లూ ఒక బకెట్ గట్టుకు పోసేది. పొయ్యనివాళ్ళ పేరు సులోచన మార్కెట్టులో పిండి తూస్తూ గట్టిగా చెప్పేది. తర్వాత అందరూ పోశారు.

వీధిలో అందరి వాకిళ్ళలోనూ కార్పెట్ పోయింది, ఒక్క వాకిట్లో తప్ప. రామమోహనరావు ఎప్పుడడిగినా ఒకటే మాట.

"నాకింకా రిలీవర్ రాలేదమ్మా. నువ్వే కదా రూలు పెట్టేవు."

ఒక పొద్దున సులోచన మార్కెట్టు నుంచి తిరిగొస్తూ ఆటోలో మొక్కలు దించింది. పూతకొచ్చిన ముళ్ళగోరింట కుండీలు, ఒక ట్రే నిండా సరస్వతి ఆకు, నూకాలమ్మ ఇచ్చిన కనకాంబరం నారు. అన్నీ తెచ్చి ఆయన గేటు ముందు వరసగా నిలబెట్టింది.

"రిలీవర్లు వచ్చేరు బాబాయ్. మీరు ఫోర్‌మన్‌గా ఉన్నప్పుడు రిలీవర్ వచ్చి నిలబడ్డాక కూడా సీటు దిగనోణ్ణి ఏటి చేసేవోరు?"

ఆయన ముళ్ళగోరింట పువ్వు మీదికి వంగాడు. వేలు పెట్టి ముల్లు తాకాడు, గుచ్చుకుంది, వేలు నోట్లో పెట్టుకున్నాడు.

"మెమో ఇచ్చీవోణ్ణి" అన్నాడు. లోపలికెళ్ళి పలుగు తెచ్చుకున్నాడు. సులోచన సాయం పట్టబోతే వద్దన్నాడు. తను పరిచింది తనే చుట్టాడు. సాయంత్రానికి ఆ తీగంతా తన చేత్తోనే రేకుల మీదికి ఎక్కించాడు.

జూన్ మొదట్లో గాలివాన వచ్చింది. ఈసారి బట్టలు తీసుకునేంత సేపు కాదు, మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే వేళ దాకా కొట్టింది. సులోచన గ్రైండర్‌ను స్టూలు మీదికి ఎత్తి, వరండా గుమ్మంలో నిలబడి నాలాను చూస్తూనే ఉంది. నీళ్ళు ఎర్రగా లేచాయి. గట్టు అంచును నాకాయి. కొత్త ముక్కల దగ్గర వట్టివేరు ఆకులు నీటివాలుకు వంగాయి, నేల మాత్రం కదల్లేదు. ఇంకా కార్పెట్ ఉన్న చివరి ముక్క దగ్గర, నాలా మీది పాత కల్వర్టు పక్కన, నీళ్ళు ఆగి సుడి తిరిగాయి. అక్కడ జోజి, రామమోహనరావు వెదురు గడలతో తీగ ముద్దలు లాగారు. ముసలాయన పంచె మోకాళ్ళ దాకా బురద. దారి దొరికింది, నీళ్ళు సాగిపోయాయి. వరండా మెట్టు తడవలేదు.

సులోచన స్టూలు మీంచి గ్రైండర్ దించి పప్పు వేసింది.

మర్నాడు ఎండ బాగా కాసింది. పదింటికల్లా ఒక లారీ వచ్చి కల్వర్టు దగ్గర ఆగింది. దాని మీద ట్రేలకు ట్రేలు పచ్చగా ఉన్నాయి. టౌన్‌షిప్ సుందరీకరణ కాంట్రాక్టు పట్టిన లక్ష్మీప్రసాద్ కిందికి దిగాడు. తెలుగువాడే, భిలాయిలోనే పుట్టాడు, మాట హిందీలోంచి తెలుగులోకి దాటేలోపు సగం అటే ఉండిపోతుంది.

"దీదీ, నమస్తే. మీ పని దేఖా మైనే, బహుత్ బఢియా. మిగిలిన గట్టు మేం ఫినిష్ చేసేస్తాం. పెద్ద సార్లు రౌండ్‌కొస్తన్నారు. ఏక్ హఫ్తేలో, వారం లోపల, పచ్చగా ఐపోవాలి."

సులోచన లారీ చక్రం మీద కాలేసి ట్రేలోకి తొంగిచూసింది. పసుపు పువ్వు ఏమీ ఎరగనట్టు ఆమెనే చూస్తోంది.

"ఇది మళ్ళీ తెచ్చేవేటి?"

"ఇంతకన్నా తొందరగా పెరిగేది ఇంకోటి లేదు దీదీ. ఖర్చు లేదు, మెయింటెనెన్స్ లేదు. ఆ గడ్డీ గిడ్డీ సాబ్ లోగ్‌కి తోటలా అనిపించదు."

"నిన్న కల్వర్టు కాడ నీళ్ళు ఎందుకాగేయో తెలుసా నీకు?"

"కచరా, చెత్త ఉండుంటాది."

రామమోహనరావు అప్పటికే తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని లారీ ముందు రోడ్డు మీద వేసుకుని కూర్చున్నాడు. "బాబూ, ఆ కచరాకి మొన్నటిదాకా నాకు కప్పులిచ్చేవోరు" అన్నాడు. "నేను లేవను. బండెలాగ తిప్పుకుంటావో తిప్పుకో." ఆయన వెనకాల నూకాలమ్మ బకెట్ బోర్లించి కూర్చుంది. షిఫ్టు నుంచి వచ్చిన జోజి మసి మొహంతోనే వచ్చి పక్కన నిలబడ్డాడు. గేట్లు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

లక్ష్మీప్రసాద్ ఫోన్ తీశాడు. "మరి సార్‌కి ఏం చెప్పమంటావు దీదీ?"

"నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు" అంది సులోచన. "ఈ లారీ ఇప్పుడే ఎనక్కి పోవాలి, ఒక్క ట్రే కూడా మా నేల మీద దిగడానికి ఈల్లేదు. నీ నర్సరీలో ఈ తీగ పెంచడం ఈ రోజుతో ఆపు. కల్వర్టు కాడ మిగిలిన ముక్కకి వట్టివేరు పిలకలు, వావిలి కొమ్మలు, ముళ్ళగోరింట, ఈ వారంలోనే పంపించు, పెద్ద వానలు పడకముందు. నాటడం మేం నాటుకుంటాం, నీళ్ళు మేం పోసుకుంటాం. పీకిన తీగ ఎత్తుకెళ్ళడానికి బండి పంపు, దాన్ని ఇంకో వీధి నాలాలో పడేస్తే మాత్రం నీ ఆఫీసు ముందు ఇదే కుర్చీ ఏస్తాం. రౌండ్‌కొచ్చే సార్లని ముందు వాకిళ్ళు చూసి ఎల్లిపోవద్దని చెప్పు, గోడెనక్కి రమ్మను, ఏ సీట్లో ఏ మొక్క ఉందో మేం చూపిస్తాం. రిలీవర్ని నిలబెట్టకుండా ఏ గట్టూ పీకొద్దు, గోడ దూకే మొక్కని ఏ గట్టు మీదా పెట్టొద్దు. ఫోన్ చెయ్యి. ఇప్పుడే చెయ్యి, మా ముందే."